కుడి చేతి కింది మూల

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు చెప్పాలంటే భిన్నాలు వచ్చి ఉండాలి. నాలుగు బై ఏడు అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఈ పేటలో ఖాళీ గోడ కనిపించడం అరుదు. సీఏ కోచింగు, ఐఐటీ ఫౌండేషను, ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం, ఏసీ లేడీస్ హాస్టలు, గోంగూర పచ్చడి... కరెంటు స్తంభం కూడా ఏదో ఒకటి అమ్ముతూనే ఉంటుంది. పొద్దున పేపరు దులిపితే ముందు కరపత్రాలు రాలతాయి, తర్వాత వార్తలు. పది దాటాక మైకు కట్టిన ఆటో తిరుగుతుంది.

వీటితో నాకు పేచీ లేదు. ఆటో సందు మలుపు తిరిగితే గొడవ వదిలిపోతుంది. కరపత్రం వెనక తెల్లగా ఉంటే మా ఆవిడ పాల లెక్కకు వాడుకుంటుంది. పైగా వాళ్లకి నేను పైసా ఇచ్చింది లేదు. ఊరికే చూసేవాడికి ఏదో ఒకటి అమ్మజూడటం లోకంలో ఉన్నదే. డబ్బు పుచ్చుకుని, రసీదు ఇచ్చి, ఆ తర్వాత కూడా అమ్మడం ఆపనివాళ్లతోనే నా తగాదా అంతా.

నాది లెక్కలు చూసే పని. మిర్చి కొట్లవాళ్లవి, పత్తి వ్యాపారులవి, ఒకటి రెండు మందుల షాపులవి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నెలనెలా 3బీ రిటర్ను వేసేవాళ్లందరికీ 20వ తారీఖు గడువు. పార్టీలు బిల్లుల కట్టలు తెచ్చేది 19 సాయంత్రం. ఇతరుల లెక్కలున్న కంప్యూటరు కదా అని, ఏటా డబ్బు కట్టి దానికో యాంటీవైరస్ పెట్టుకున్నాను. కంపెనీ పేరు వద్దులెండి. యాంటీవైరస్‌ల వీధిలో ఏ తలుపు కొట్టినా ఇదే కథ.

ఎక్సెల్లో అంకెల వరస ఎంచుకుంటే మొత్తం ఎంతో చూపించేది తెర అడుగున, కుడి చేతి మూల. మా యాంటీవైరస్ పెట్టె మొలిచేదీ సరిగ్గా అక్కడే. కొనుగోళ్ల మొత్తం ఎంతా అని కళ్లు దించేసరికి "మీ కంప్యూటర్లో చెత్త పేరుకుపోయింది" అంటుంది. చెత్త ఎత్తే పనికి వేరే ప్యాకు, దానికి వేరే డబ్బు. మర్నాడు "మీరు ఎక్కడున్నదీ అందరికీ తెలిసిపోతోంది" అని బెదిరిస్తుంది. నేను బ్రాడీపేటలో ఉన్న సంగతి నాకు బాకీ ఉన్నవాళ్లకి తప్ప అందరికీ తెలుసు. దాన్ని దాచడానికి వీపీఎన్ కొనాలట. పాస్‌వర్డులు దాచే పెట్టె ఒకటి, ఇంటిల్లిపాది ఫోన్లకీ కలిపి కుటుంబ ప్యాకు ఒకటి. గడువు ఇంకా బోలెడు ఉండగానే, ఇప్పుడే రెన్యూ చేస్తే సగం ధర అనే పిలుపు. పెట్టెకి ఆకుపచ్చ బొత్తాం పెద్దది, "ఇప్పుడే రక్షించండి" అని. దాని పక్కనే బూడిద రంగులో, కనీకనిపించకుండా "తర్వాత గుర్తు చెయ్యి". అక్కర్లేదు అనే బొత్తాం మటుకు ఉండదు.

కంప్యూటరు బాగుచేసే కుర్రాడితో చెప్పుకుంటే నవ్వాడు. "దాన్ని తీసెయ్యక్కర్లేదు సార్. సెట్టింగుల్లో నోటిఫికేషన్లని ఉంటది. అందులో ఆఫర్లకి టిక్కు పెట్టే ఉంటది, అది తీసెయ్యండి. విండోస్ సెట్టింగుల్లో కూడా దాని పేరు మీద నోటిఫికేషన్ ఆపుకోవచ్చు. కాకపోతే అప్పుడు నిజంగా వైరస్ వచ్చినా చెప్పదు."

ఆ చివరి మాటలోనే ఉంది అసలు చిక్కు. కేకా, అమ్మకమూ ఒకే గొంతుతో వస్తాయి. విండోస్‌లో ఒకటి నొక్కితే రెండూ పోతాయి. వెనకటికి మా లైన్లో రాత్రిళ్లు గూర్ఖా కర్ర చప్పుడు చేస్తూ, విజిలు వేసుకుంటూ తిరిగేవాడు. నెల మొదట్లో వచ్చి మామూలు పట్టుకెళ్లేవాడు. అతను అర్ధరాత్రి తలుపు కొట్టి "దొంగలొచ్చారు బాబూ" అంటే లేచి కర్ర అందుకుంటాం. రోజూ తలుపు కొట్టి "దొంగలొచ్చేట్టున్నారు, నా దగ్గర మంచి తాళాలున్నాయి" అంటే? పది రోజులకి దుప్పటి ముసుగు పెట్టి పడుకుంటాం. పదకొండో రోజు దొంగే వస్తాడు.

తెర మీద పెట్టె పుట్టించే ఈ విద్యకి మూలపురుషుడు ఎవరో తెలుసు. ఆయన పేరు ఈథన్ జుకర్‌మన్. 1990ల్లో ట్రైపాడ్ అనే వెబ్‌సైట్‌లో పనిచేసేవాడు. ఎవరికి వాళ్లు సొంత పేజీలు పెట్టుకునే సైటు అది. ఒక కార్ల కంపెనీ ప్రకటన బూతు పేజీ మీద కనిపించిందని గొడవైంది. ప్రకటనకి పేజీతో సంబంధం అంటకుండా వేరే కిటికీలో చూపిద్దామని ఆయన కోడు రాశాడు. కంపెనీ పరువు నిలబడింది, లోకం ప్రాణం విసిగింది. 2014లో అట్లాంటిక్ పత్రికలో వ్యాసం రాసి ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన పెట్టె వచ్చింది ఊరికే దొరికే పేజీ మీద. నెలకింతని చందా కట్టించుకున్న సరుకులోకి దాన్ని తెచ్చిపెట్టినవాళ్లు వేరే, వాళ్లలో ఎవరూ క్షమాపణ చెప్పిన గుర్తు లేదు.

మా పక్క లైన్లో ఒక డీటీపీ సెంటరుంది. పెళ్లి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, స్కూలు ప్రశ్నాపత్రాలు చేస్తాడు. అతని దగ్గర ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ ఆ ఏడో నంబరు వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకోటి రాలేదు. ఆ కంప్యూటరు ముందు కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. వత్తు తప్పితే తప్పినట్టే కనిపిస్తుంది గానీ, ఏ మూల నుంచీ ఏ పెట్టే లేవదు. అప్పట్లో సాఫ్ట్‌వేర్ అమ్మడమంటే డబ్బాలో సీడీ పెట్టి చేతికివ్వడం. డబ్బా చేయి మారాక అమ్మినవాడికి మన గడప తొక్కే దారే లేదు. మంచితనం కొద్దీ ఊరుకున్నారని కాదు, నోరు చేరేది కాదంతే. పేజ్‌మేకర్‌ని అమ్మిన అడోబీయే 2013లో డబ్బాలకి దాదాపు స్వస్తి చెప్పి, ఇకపై కొత్తవి చాలావరకు చందా మీదేనని ప్రకటించింది. చందా అంటే కంపెనీకి మన కంప్యూటర్లో ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు. ఏటా ఎక్కువ అమ్మి చూపించాలి, కొత్తవాణ్ణి వెతికి పట్టుకోవడం ఖర్చు. ఒకసారి జేబులో చెయ్యి పెట్టినవాడు మళ్లీ పెడతాడని ఏ దుకాణదారుకైనా తెలుసు. కాబట్టి డబ్బు కట్టడం వల్ల మనం వాళ్లు అమ్మజూసేవాళ్ల జాబితాలోంచి బయటపడం. పేరు పైకెక్కుతుంది.

పెద్దవాళ్లూ ఏం తక్కువ తినలేదు. విండోస్ 10కి మారమని మైక్రోసాఫ్ట్ పెట్టిన పెట్టెని 2016లో ఎర్ర ఇంటూ గుర్తు నొక్కి మూసినవాళ్లు, వద్దన్నామనే అనుకున్నారు. మార్పుకి అప్పటికే ఖరారైన ముహూర్తం మాత్రం అలాగే ఉండిపోయి, తెల్లారేసరికి కంప్యూటరు మారిపోయింది. గగ్గోలు పుట్టాక ఆ పద్ధతి మార్చుకున్నారు. తను కోరని ఆ మార్పు వల్ల పని చెడిందని కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ కోర్టుకెక్కి 10,000 డాలర్లు రాబట్టింది. కాపలా కంపెనీల సంగతి ఇంకా ముచ్చట. జనం ఏ సైట్లు చూస్తున్నారో పోగుచేసి అమ్మిందని అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. వెంటబడేవాళ్ల నుంచి కాపాడతామని చెప్పుకున్న కంపెనీ అది.

సినిమాలకీ ఇదే గాలి సోకింది. చందా కట్టి చూసే ప్రైమ్ వీడియోలో 2025 జూన్ నుంచి మన దేశంలోనూ ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దనుకుంటే మొదట్లో ఏడాదికి ఇంకో 699 రూపాయలు అడిగారు. అంటే నిశ్శబ్దం ధర విడిగా కట్టారు. రేపు పెసరట్టు ఒక రేటు, సర్వరు పక్కన నిలబడి వేరే టిఫిన్ల గొప్పలు చెప్పకుండా ఉండటానికి ఇంకో రేటు అంటే ఏ హోటల్లోనైనా ఊరుకుంటామా? గుంటూరువాళ్లం ఊరుకోం.

మన ప్రభుత్వం ఊరికే లేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, తెర మీద జనాన్ని బుట్టలో వేసుకునే ఎత్తులు 13 ఏరి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మాటిమాటికీ అడ్డొచ్చి సతాయించడం అందులో ఒకటి. వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడటం ఇంకొకటి. చందాలోంచి బయటికి దారి లేకుండా చేయడం, లేని తొందర పుట్టించడం కూడా ఉన్నాయి. ఆ జాబితా చదువుతుంటే మా యాంటీవైరస్ జాతకం చదివినట్టే ఉంది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. కానీ 19వ తారీఖు రాత్రి బిల్లుల కట్టలు ముందేసుకున్నవాడు ఫోనెత్తుకుని, మూలన ఒక పెట్టె వచ్చింది, మూసేస్తే పోయింది, మళ్లీ వచ్చింది అని ఎవరికి చెబుతాడు? చిన్న విసుగుకి పెద్ద ఫిర్యాదు చేసే ఓపిక ఎవరికీ ఉండదన్న లెక్క మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

నాబోటివాడికి ఇది విసుగు. మా ఎదురింటి మాస్టారికి భయం. రిటైరయ్యాక అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడటానికి కంప్యూటరు కొనుక్కున్నారు. ఓ మధ్యాహ్నం వచ్చి, "ఏమయ్యా, తెరంతా ఎర్రగా అయిపోయింది. వైరస్ పట్టిందంట, ఈ నంబరుకి ఫోన్ చెయ్యమంటోంది. చేసేదా?" అన్నారు. వెళ్లి చూశాను. అది బ్రౌజర్లో తెర మొత్తం కమ్ముకున్న దొంగ పేజీ. కంప్యూటరు ఆపేసి మళ్లీ పెడితే పోయింది. ఆయన తేరుకోకముందే మూలన ఇంకో పెట్టె లేచింది, మీ పీసీ ప్రమాదంలో ఉంది అని. ఇది ఆయన డబ్బు పెట్టి కొనుక్కున్న అసలు కంపెనీది. "మరి ఇది?" అన్నారు మాస్టారు.

ఎర్ర రంగు అదే, ఆశ్చర్యార్థకం అదే, తొందరా అదే. మొదటివాడు దొంగ, రెండోవాడు రసీదిచ్చిన వ్యాపారి అని ఆయనకి ఏం గుర్తులు చెప్పను? ఎర్ర పెట్టె చూడగానే నొక్కడం ఆ రసీదిచ్చినవాళ్లు అలవాటు చేశారు, ఆ పంటని దొంగలు కోసుకుంటున్నారు. మాస్టారికి అలవాటు లేక నన్నడిగారు. అలవాటైనవాళ్లు ఎవర్నీ అడగరు.

ఆయన కంప్యూటర్లో కనిపించిన ఆఫర్ల టిక్కులన్నీ తీసేశాను. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ ఉచితమేననీ, మీ వాడకానికి అది చాలుననీ, గడువు తీరాక రెన్యూ చెయ్యొద్దనీ చెప్పాను. అప్పటిదాకా ఏ పెట్టె వచ్చినా దేన్నీ నొక్కకుండా, ఫోన్లో ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టమన్నాను. మాస్టారు పద్ధతిగల మనిషి. అక్షరం పొల్లు పోకుండా పాటిస్తున్నారు. సంగతి తెలిసి వాళ్ల పై వాటావాళ్లూ మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్లిద్దరి కంప్యూటర్లలో వచ్చే ప్రకటనలు కూడా నాకే వస్తున్నాయి.