ఎఫ్ అనే ఒక్క హర్ఫ్

2024 డిసెంబర్‌లో మా ఆవిడకి బీసీ నంబర్ వచ్చింది. 80 వేలు. మా గల్లీ ఆడవాళ్లు నెలనెలా వేసుకునే బీసీ అది. పాట ఉండదు, సూద్ ఉండదు, చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకే మొత్తం. ఆ పైసలతో వానల్లోపు వంటింటి రేకులు మార్చాలని మా ఇరాదా. సరిగ్గా అప్పుడే మావాడు కంప్యూటర్ అడిగాడు.

డిగ్రీ చదువుతూనే ఒక ఫోటోగ్రాఫర్ భాయ్ దగ్గర షాదీ వీడియోలు ఎడిట్ చేస్తాడు. పాత లాప్‌టాప్. ఒక రుఖ్సతీ సీన్ దగ్గర బొమ్మ ఆగి ఆగి, ఫజర్ అజాన్ అయ్యేదాకా వాడు దాని ముందే కూర్చోవడం నేను చూశాను.

"పనికేనా, గేమ్స్‌కి కూడానా?" అని అడిగాను. పర్దా వెనక నుంచి వాళ్లమ్మ "పనికే అను" అని ఇషారా చేస్తోంది. వాడు తల వంచుకుని, "ఝూట్ నై బోల్తూం అబ్బా, గేమ్స్ భీ ఖేల్తూం" అన్నాడు. గుస్సా వచ్చింది. దిల్ చల్లబడింది కూడా.

ఈఎంఐ మాట ఎవరం ఎత్తలేదు. సూద్ వాసన ఉన్న చీజ్ గడప దాటకూడదన్నది మా అబ్బాజాన్ పెట్టిన ఉసూల్. కాబట్టి 80 వేలే హద్దు. వారం రోజులు ఇషా తర్వాత ఇద్దరం కూర్చుని లెక్కలు వేశాం.

వాడి ఖ్వాబ్ రైజెన్ 7 7800ఎక్స్3డీ. 96 ఎంబీ ఎల్3 క్యాష్. గేమ్ మాటిమాటికీ అడిగే డేటాని ర్యామ్ దాకా పోకుండా ప్రాసెసర్‌లోనే పెట్టుకుంటుంది. గేమ్స్‌లో బాద్‌షాయే, ఇన్కార్ లేదు. కానీ మా మానిటర్ 60 హెర్ట్జ్‌ది, సెకనుకి 60 బొమ్మలకు మించి చూపించదు. పైగా ఆ ధర పెడితే గ్రాఫిక్స్ కార్డుకి పైసలు మిగలవు. సెహ్రా కొనేసి షేర్వానీకి అప్పు చేసినట్టు ఉంటుంది.

నల్గొండ నుంచి సికింద్రాబాద్ వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగాం. ఒక దుకాణం ఆయన ఐ5-14600కేఎఫ్ తీసుకోమన్నాడు. ఆరు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లు, 20 థ్రెడ్లు. చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, అందుకే చవక. "ఆర్‌టీఎక్స్ 4060 ఎలాగూ కొంటున్నారు కదా సాబ్, ఇంకా లోపల గ్రాఫిక్స్ ఎందుకు?" మంతిఖ్ సరిగ్గానే ఉందనిపించి పర్స్ తీశాను.

తీసి, ఎందుకో ఫోటోగ్రాఫర్ భాయ్‌కి ఫోన్ చేసి, కెమెరా వీడియోని ఏ రకంలో రాస్తుందో అడిగించాను. హెచ్.265, 4:2:2, 10 బిట్ అన్నాడు. మామూలు 4:2:0 కంటే రంగుల సమాచారం ఇందులో రెట్టింపు. దుల్హన్ దుపట్టా జరీ రంగు తర్వాత సరిదిద్దుకోవాలంటే అది కావాలి. చిక్కేమిటంటే, ఈ రకం వీడియోని విప్పే హార్డ్‌వేర్ 4060లో లేదు. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో, క్విక్ సింక్ అనే భాగంలో, 11వ తరం నుంచి ఉంది. భాయ్ వాడే ప్రీమియర్ ప్రో దాన్ని వాడుకుంటుంది. అది లేకపోతే కోర్లే ఆ బోఝ్ మోయాలి, బొమ్మ ఆగుతుంది. మేం ఫుజూల్ అనుకున్నదే మా పనికి జాన్. పర్స్ మళ్లీ జేబులో పెట్టాను.

ఎఫ్ లేని 14600కే తీసుకోవచ్చు. కానీ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లకి వోల్టేజీ ఎక్కువై చెడిపోతున్నాయన్న గొడవ ఆ ఏడాదే నడిచింది. ఇంటెల్ ఆగస్టులో మైక్రోకోడ్ దిద్దింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ పెంచిన జాబితాలో 14600కే ఉంది, ఐ5-14500 లేదు. దీనిలోనూ అవే 14 కోర్లు, అవే 20 థ్రెడ్లు, వేగం కాస్త తక్కువ. బేస్ పవర్ 125 వాట్లకు బదులు 65. మా రేకుల గదిలో మే నెల ఎండకి అదీ ఒక రహ్మతే. 14500 కొన్నాం. చవకైన డీడీఆర్4 ర్యామ్ దీనికి సరిపోవడంతో 32 జీబీ వేయించగలిగాం.

దోస్తులు మజాక్ చేశారు, "సాకెట్ ఖతం, ముందు ముందు అప్‌గ్రేడ్ లేదు" అని. నిజమే. రైజెన్ కొత్త సాకెట్‌కి 2027 తర్వాత దాకా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. మాకు కావలసింది ఆ రోజు రుఖ్సతీ సీన్ ఆగకుండా నడవడం. నడిచింది, అల్హందులిల్లాహ్. ఇషా తర్వాత ఒక గంట గేమ్స్‌కి ఇజాజత్ కూడా ఇచ్చాను. గంట అంటే వాడి గడియారంలో ఎంతో ఇప్పటికీ అర్థం కాలేదు.

80 వేలూ వాడి మీద ఖర్జ్. ఖర్జ్‌ని రాసుకోమని సూరె బఖరాలో హుకుం ఉంది కాబట్టి వాళ్లమ్మ డైరీలో రాసింది, వాడు దస్తఖత్ పెట్టాడు. ఒక్కో షాదీకి ఇంత అని తీరుస్తున్నాడు. జూన్ రెండో వారంలో రేకులు మారాయి. లెక్కలో ఒక రేకు తక్కువ పడింది. పొయ్యి పక్కన దాని కింద ఇంకా గిన్నె ఉంది.