తరంగంబాడిలో ఒక తెలుగు ఆరా

కిందటి సంక్రాంతికి చుట్టాలందరం చేరినప్పుడు మా యింట ఒక వాదు పుట్టింది. బైబిలును తెలుగులోకి మొదట మార్చినవాడు బెంజమిన్ షుల్జ్ అనే జర్మను పాదిరి అని మా చిన్నాయన అన్నారు. “అసలు ఆ దొరకు తెలుగు వచ్చునా?” అన్నది మా అత్తయ్య. ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాము. సరే, ఆయన కాలుపెట్టిన వూరు చూచివద్దామని పిల్లలతో సహా తరంగంబాడికి బయలుదేరాము.

మాయవరంలో రైలు దిగి బస్సెక్కాము. కోటవాకిలి దాటితే వీధి తిన్నగా సముద్రందాకా పోతుంది. కెరటాలకు ఎదురుగా 1620లో డేనులు కట్టిన కోట. 1845లో ఇంగ్లీషువారికి అమ్మేదాకా ఈ వూరు డేనులదే. వీధిలో 1718 నాటి కొత్త యెరూషలేము గుడి వున్నది. తమిళ బైబిలుకు ఆద్యుడైన జీగెన్‌బాల్గు సమాధి అందులోనే. ఆయన 1719 ఫిబ్రవరిలో పోయారు. అదే యేడు షుల్జ్ ఇక్కడ ఓడ దిగారు.

జీగెన్‌బాల్గు రూతు గ్రంథం దగ్గర విడిచిన తమిళ అనువాదాన్ని షుల్జ్ ముగించారు. తరువాత చెన్నపట్నం చేరి, అక్కడ మనవాళ్ళ మాట విని తెలుగు పట్టారు. ఆ భాషను ‘వరుగు’ అని వ్రాసుకొన్నారు. తమిళులు మనల్ని ‘వడుగ’ అనే మాటే అది! ఇది వినగానే మా పిల్లలు పకపక నవ్వారు. బడిలో వాళ్ళకున్న పేరే మరి.

1728లో లాటినులో తెలుగు వ్యాకరణం వ్రాశారు. అది అచ్చయినది 1984లో. 1732 నాటికి బైబిలంతా తెలుగు చేశారు. వ్రాతప్రతి జర్మనీలోని హాలే పట్నానికి వెళ్ళింది గాని అచ్చుకు నోచుకోలేదు. ఆయన స్వదేశం చేరాక, 1746 మొదలు హాలేలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు మాత్రం అచ్చువేయించారు.

మరి నమ్మదగినవాడేనా? ఆయన శ్రమను శంకించలేము. కాని కొద్ది యేళ్ళలో ఇంత పెద్ద గ్రంథమా అన్న అత్తయ్య శంక కొట్టివేయదగినది కాదు. ఆయన ముగించిన తమిళ బైబిలు గతే చూడండి: భాష నిలువలేదని ఫబ్రీషియస్ యేళ్ళ తరబడి మళ్ళీ వ్రాయవలసి వచ్చింది. తమిళానికి ఆ దిద్దుబాటు దొరికింది. తెలుగు ప్రతి పెట్టెలో వుండిపోయింది. చదివి తప్పు చెప్పే తెలుగువాడి చేతికి రానేలేదు.

ఎనభై యేళ్ళ తరువాత, 1812లో, డెగ్రాంజి తెలుగు సువార్తలు శ్రీరాంపురంలో అచ్చయినవి. విశాఖపట్నంలో ఆయన పక్కన కూర్చొని పనిచేసిన ఆనందరాయరు పేరు నేటికీ నిలిచివున్నది. ఆ ఆనందరాయరు ప్రొటెస్టెంటు సంఘంలో చేరినది ఈ తరంగంబాడిలోనే!

తిరుగు బస్సులో అత్తయ్య తీర్పు చెప్పింది: “దారి వేసినవాడు షుల్జే, కాదనను. కాని అనువాదాన్ని నమ్మాలంటే వ్రాసినవాడి పేరొక్కటే చాలదు. పక్కన కూర్చొని ‘అలా అనమయ్యా, ఇలా అంటాము’ అని దిద్దినవాడు ఎవడో కూడా అడగాలి.”

చిన్నాయన మారుమాటాడలేదు. ఇంటికి రాగానే మా చిన్నవాడు తన తెలుగు కాపీపుస్తకం తెచ్చి అత్తయ్య ముందు పెట్టాడు, దిద్దమని.