ఎలుకలకు ఇల్లు కావలెను

మన తెలుగులో సింహానికి బోను ఉంది, చిలకకు పంజరం ఉంది, కోడికి గంప ఉంది. కోర్టులో సాక్షికి కూడా బోను ఉంది. ఎలుకకు మాత్రం ఉన్నది ఒక్కటే, పట్టి చంపడానికి పెట్టే బోను. బతకడానికి పెట్టే బోనుకు మాటే లేదు. మాట లేని వస్తువును బజారులో అడిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో, పాతబస్తీలో రెండు తెల్ల ఎలుకలకు ఇల్లు వెతికిన నాకు బాగా తెలిసివచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. నా దగ్గర ఎలుకలు ముందే ఉన్నాయి, తవ్వవలసిన కొండలే మిగిలాయి. నవ్వదలచుకున్న మిత్రులు ఇక్కడే నవ్వేసి, మిగతాది తీరికగా చదవవలసిందిగా మనవి.

మా ఇల్లు గౌలిపురాలో. పాత ఇల్లు, ముందు దాలాన్, వెనుక బియ్యం డబ్బాల గది. ఇంటర్ చదివే మా చెల్లి ఒకరోజు అట్టపెట్టెలో రెండు తెల్ల ఎలుకల్ని తెచ్చింది. పక్షులమ్మే ఒక దుకాణంలో లవ్‌బర్డ్స్ పంజరం అడుగున గింజల పొట్టులో తిరుగుతుంటే జాలిపడి కొన్నదట. అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఎండు కొబ్బరి ముక్క గుచ్చి చెక్కబోను పెట్టే ఇంట్లో ఎలుకల్ని పెంచడమా! బియ్యం గదిలో వచ్చేది మామూలు ఎలుకే కాదు, పందికొక్కులు కూడా. ఇంగ్లీషువాళ్లు 'బాండికూట్' అని గొప్పగా పలికే మాట మన పందికొక్కే అని నేను చెప్పబోతే, "నీ ఇంగ్లీషు తర్వాత, ముందు వీటిని బయట పెట్టు" అంది.

తీర్పు చెప్పింది నాయినమ్మ. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె మంచం దాలాన్‌లోనే ఉంది. యాభై ఏళ్లుగా ఆ ఇంట్లో బోనులు పెట్టింది ఆమే. కాబట్టి ఎలుకల పాలిట యముడే వచ్చాడనుకున్నాం. ఆమె పెట్టెలోకి తొంగి చూసి, "ఒక్కదాన్నే తేలేదు, నయం. రెండు తెచ్చినవ్" అంది చెల్లితో. తర్వాత నా వైపు తిరిగి, "అరేయ్, అట్టపెట్టెల ఎన్ని దినాలుంటయి? మంచి జాగ చూడు" అంది. ఆ మాటతో ఇల్లు వెతికే పని నా నెత్తిన పడింది.

మొదట చార్మినార్ వైపు ఒక ఇనుప సామాను దుకాణానికి వెళ్లాను. ఎలుకలకు బోను కావాలన్నాను. "చూహేదాన్ హోనా?" అంటూ మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి మెడ విరిచేది, ఒకటి తలుపు పడేది, ఒకటి జిగురు అట్ట. "మార్నే కు నై భాయ్, పాల్నే కు" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పక్క గిరాకీ వైపు తిరిగాడు.

తర్వాత ముర్గీ చౌక్. 1892లో అస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం ఉన్న మహబూబ్ చౌక్‌ను మనం పిలుచుకునే పేరు అది. కోళ్లు, పావురాలు, రంగురంగుల పిట్టలు అమ్మే చోటు. అక్కడ పంజరాలకు కొదవలేదు. గుండ్రనివి, గోపురం ఉన్నవి, చార్మినార్ మినార్ల లాంటి కొమ్ములు మొలిచినవి. కాని అన్నీ పిట్టలకే. పిట్ట పైన కూర్చుంటుంది, ఎలుక కింద నడుస్తుంది. పిట్టకు ఊచల మధ్య సందు వేలెడు ఉన్నా ఫరవాలేదు. ఎలుకకు తల పట్టే సందు చాలు, ఒళ్లంతా పట్టించుకుంటుంది. పిల్ల ఎలుకలున్న బోనుకు ఊచల సందు అరంగుళం దాటకూడదు. నేను జేబులో స్కేలు పెట్టుకుని ఒక్కొక్క పంజరం కొలుస్తుంటే దుకాణదారులు నన్ను మున్సిపాలిటీ మనిషి అనుకున్నారేమో, చాయ్ తెప్పించారు.

జువాలజీ విద్యార్థిని కనుక పుస్తకాలు కూడా తిరగేశాను. మా ముందు తరాలవారికి క్లాసులో జంతువుతో పరిచయం మైనపు పళ్లెంలో గుండుసూదుల మధ్య జరిగేది. 2011లో యూజీసీ ఆ కోతలను విడతలవారీగా మానమంది, 2014లో పూర్తిగా ఆపమంది. మా తరానికి బతికి ఉన్న జంతువును చూసే వీలు కలిగింది. పెంపుడు తెల్ల ఎలుక, శాస్త్రంలో ర్యాటస్ నార్వెజికస్ అనే జాతి. ప్రయోగశాలల ఎలుకదీ అదే జాతి. 1918లో కూనూరులో మొదలై 1958లో మన హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. అది కూనూరులో ఉన్న రోజుల్లో మెకారిసన్ అనే డాక్టరు మన దేశంలోని వేర్వేరు ప్రాంతాల తిండ్లను ఎలుకలకు పెట్టి ఏది మేలో తేల్చాడు. అంటే మన కంచంలో ఏముండాలో ఎలుకలు తిని చూసి చెప్పాయన్నమాట. ఆ లెక్కన వాటికి ఒక మంచి ఇల్లు బాకీ ఉన్నాం.

ఇక చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకను పంజరంలో పెట్టడం నేరం. అదే చట్టం ఎలుకను కాకితో, గబ్బిలంతో కలిపి చంపినా అడగని జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితా పోయింది. అంతకంటె పాతది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. కదలడానికి తగిన పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో ఏ జంతువును ఉంచినా నేరమని అది చెబుతుంది. అందులో చిలకా ఎలుకా అనే తేడా లేదు. ఎంత ఉంటే తగినంత అన్న ప్రశ్న మాత్రం మనకే వదిలేసింది.

ఎలుకలు పెంచే అనుభవజ్ఞులు ఒక్కో ఎలుకకు కనీసం 2 ఘనపుటడుగులు అంటారు. కనీసం అనే మాట గుర్తుంచుకోవాలి. హాస్టల్ గదికి కూడా కనీసం ఒకటుంటుంది, అందులో ఉన్నవాళ్లకు దాని అర్థం తెలుసు. నేను లెక్క కట్టి రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు అనుకున్నాను. అంటే ఏడున్నర ఘనపుటడుగులు. కాగితం మీద బొమ్మ గీసి నాయినమ్మకు చూపించాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "పండేది యాడ?" అంది. చూపించాను. "తినేది?" చూపించాను. "దొడ్డికి పోయేది?" నేను మాట్లాడలేదు. "పండే జాగ, తినే జాగ, పోయే జాగ ఒక్కటే అయితే మనిషికైనా పిచ్చి లేస్తది బిడ్డా" అంది. మంచం మీద నెలలు గడిపిన మనిషి ఆ మాట అంటుంటే, ఆమె ఎలుకల గురించి మాత్రమే చెప్పడం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఆ మాట పుస్తకాల్లోనూ ఉంది. ఎలుకలు వీలుంటే ఒక మూలనే మరుగుకు వాడుకుంటాయి, గూడు వేరే చోట కట్టుకుంటాయి. బొమ్మలో మూలకు ఒక పళ్లెం, పైన ఒక అర చేరాయి. "దాసుకునే జాగ గూడ ఉండాలె. ఎవ్వరూ సూడని జాగ ఒకటి" అని ఆమే చేర్పించింది. పక్కకు పడుకోబెట్టిన మట్టికుండ అలా వచ్చింది.

బొమ్మ పట్టుకుని ఒక గల్లీలో జాలీలు అల్లే ముసలి చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వలేదు. "తోతా?" అన్నాడు. "చూహా" అన్నాను. "కిత్తే?" అన్నాడు. "దో." అంతే, టేపు తీశాడు. అడుగు కూడా జాలీతోనే వేస్తానంటే వద్దన్నాను. తీగ మీద నడిచి నడిచి ఎలుకల పాదాలు పుండ్లు పడతాయి. రేకు అడుగు వేసి, అది సొరుగులా బయటికి వచ్చేట్టు చేశాడు. చెక్క చట్రం కూడా వద్దన్నాను. ఎలుక ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరకక తప్పదు. పైగా చెక్క మూత్రం పీల్చి కంపుకొడుతుంది. తలుపు నా రెండు చేతులూ పట్టేంత పెద్దది పెట్టించాను. గొళ్లెం దగ్గర చాచాయే ఆలోచించి, "బేటా, యే ఖోల్ లేతే" అని రెండోది బిగించాడు. 1,800 రూపాయలు తీసుకున్నాడు.

చేపలతొట్టి వాడుకోవచ్చు కదా అని స్నేహితులు అడిగారు. అద్దాల తొట్టిలో గాలి ఆడదు. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా అడుగున నిలిచిపోతుంది, అసలే నాజూకైన ఎలుక ఊపిరితిత్తులను అది తినేస్తుంది. వడ్రంగి పొట్టు పరిస్తే దుమ్ము, దేవదారు జాతి చెక్కల పొట్టయితే ఘాటు. మేం కాగితాలు పరిచాం. తెలుగు పత్రికలను, ఉర్దూ పత్రికలను అవి సమానంగా చింపాయి. పాతబస్తీ ఎలుకలు మరి.

ఎండాకాలం అసలు పరీక్ష. ఎలుకకు మనలా ఒంటినిండా చెమట పట్టదు. వేడిని ఎక్కువగా తోకలోంచి వదులుకుంటుంది. మే నెలలో మన నగరం 40 డిగ్రీలు దాటితే ఆ తోక ఒక్కటే ఏం చేస్తుంది? బోనును గోడవారన, ఎండ పడని చోట, నాయినమ్మ మంచం పక్కనే పెట్టాం. అడుగున ఒక షాబాద్ బండ ముక్క వేశాం. మధ్యాహ్నం రెండూ ఆ బండ మీద పొట్టలు ఆనించి పడుకునేవి. నాయినమ్మ పాత నూలు చీర చింపి పైఅరకు ఊయల కట్టింది. ఆపరేషన్ తర్వాత ఆమె ఒకరి సాయం లేకుండా చేసిన మొదటి పని అదే.

రెండు ఎందుకని అడిగేవారికి ఒక ప్రయోగం చెబుతాను. 2011లో షికాగో విశ్వవిద్యాలయంలో బార్టల్, డెసిటీ, మేసన్ అనే శాస్త్రజ్ఞులు ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో బంధించి, దాని జతను బయట వదిలారు. బయటి ఎలుక కొన్నాళ్లు తంటాలుపడి తలుపు తీయడం నేర్చుకుని జతను విడిపించింది. గొట్టం ఖాళీగా ఉంటే, బొమ్మ ఎలుక ఉంటే, అంతగా పట్టించుకోలేదు. పక్కనే ఇంకో గొట్టంలో చాక్లెట్ పెట్టినా రెండూ తెరిచింది, చాలాసార్లు చాక్లెట్ మిగిల్చి జతకు పెట్టింది. అది జాలి కాదు, తోడు కోసం ఆరాటం అని వాదించేవారున్నారు. ఏదైనా సరే, ఒంటరి ఎలుకను మంచి బోనులో పెట్టడం కంటె ముందు దానికి జత వెతకాలని మాత్రం తేలుతుంది. రెండూ ఆడవో, రెండూ మగవో కావాలి సుమా! లేకపోతే ఇరవై రెండు మూడు రోజుల్లో ఇల్లు చాలదు.

ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లే. రెండో చలికాలంలో పెద్దది పోయింది. రెండోది ఊయల ఎక్కడం మానేసింది. కుండలోంచి బయటికి రాదు. ఇప్పుడు ఏం చేయాలి? మరొకటి తెస్తే, రేపు అది ఒంటరి అవుతుంది. తర్వాత ఇంకొకటి. చెల్లి తెద్దామంది, అమ్మ చాలంది. వాకర్ పట్టుకుని దాలాన్‌లో నాలుగడుగులు వేస్తున్న నాయినమ్మ ఆగి, "దాన్ని మందిలకు తోలుండ్రి. నాకోసం ఉంచకుండ్రి" అంది. ఆ ఎలుకతో ఎక్కువ మాట్లాడేది ఆమే.

షాలిబండలో మా జూనియర్ ఇంట్లో మూడున్నాయి. నేరుగా కలపకుండా, కొన్నాళ్లు బోనులు పక్కపక్కన ఉంచి, తర్వాత కొత్త చోట కాసేపు కాసేపు వదిలి అలవాటు చేశాం. పదో రోజుకు నాలుగూ ఒకే కుండలో దూరాయి. మా బోను కూడా అక్కడికే పంపాం, ఊయలతో సహా.

ఈ సంచిక చదివి ఎవరైనా ఎలుకలు పెంచదలిస్తే మొదట స్కేలు కొనండి, తర్వాత బోను, ఆఖరున ఎలుకలు. కొలతలు కావలసినవారు జువాలజీ ల్యాబు దగ్గర నన్ను అడగండి, చాచా గల్లీ దారి కూడా చెబుతాను. గొళ్లెం మాత్రం రెండోది పెట్టించుకోవడం మరవకండి.