ఎవరి పొలమో రాశారా?



ఈసారి మీ ఉత్తరాలు పెద్ద కట్టే అయ్యాయి. ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతున్నవాళ్ళు, జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో కొత్తగా చేరినవాళ్ళు, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు రకరకాలుగా అడిగింది ఒక్కటే. "ఎండైనా వానైనా ఫీల్డుకు వెళ్తాం. తిరిగొచ్చి రిపోర్టు రాయాలంటేనే చెయ్యి ఆడదు. ఏం చెయ్యమంటారు?" అని. ఒకావిడైతే "ఈ రాతకోతల గోల లేకపోతే మా ఉద్యోగం ఎంత బాగుండేదో!" అన్నారు. ఆవిడతో నాకు పేచీ ఉంది. మన ఉద్యోగంలో సగం రాతే. ఆ సగం సరిగా లేకపోతే తిరిగిన తిరుగుడంతా వృథా.

ఎందుకంటే, పిల్లల గతి తేల్చేవాళ్ళు ఆ పిల్లల ఇల్లు చూసినవాళ్ళు కారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. సామాజిక పరిశోధన పదిహేను రోజుల్లో ముగియాలి. తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. సమితిలో ఛైర్‌పర్సన్, మరో నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్ళ ముందు ఆ పిల్ల కూర్చునేది కాసేపే. ఆ ఇంటి గుమ్మం, ఆ బడి, ఆ పొలం వాళ్ళకు కనిపించేది మీరు నింపిన సామాజిక పరిశోధన నివేదికలో, అంటే ఫారం 22లోనే. మీరు రాయనిది వాళ్ళ దృష్టిలో జరగనట్టే.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇది నేను కల్పించి రాసింది, ఏ ఒక్క పిల్లదీ కాదు. గద్వాల, కర్నూలు వైపు సీడు పత్తి పొలాల్లో తిరిగినవాళ్ళకు మాత్రం బాగా ఎరికైన సంగతే.

"బాలిక వయస్సు 12 సం.లు. చదువుపై ఆసక్తి లేనందున బడి మానివేసి పొలం పనులకు వెళ్ళుచున్నట్లు విచారణలో తెలియవచ్చినది. తండ్రి మద్యానికి బానిస. తల్లి నిరక్షరాస్యురాలు, బాధ్యతారాహిత్యంతో వ్యవహరించుచున్నది. కుటుంబ వాతావరణం సరిగా లేదు. బాలికకు, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇవ్వవలసి యున్నది."

అక్షరదోషాలు లేవు. పై అధికారి సంతకం పెట్టేస్తాడు. కానీ ఇందులో ఆ పిల్ల ఎక్కడుంది? పొలం అన్నారు, ఎవరి పొలం? ఏ వేళప్పుడు వెళ్తోంది? బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ తర్వాత పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఎక్కడా పనిలో పెట్టుకోకూడదు. అయితే బడి వేళలు అయ్యాకో సెలవుల్లోనో సొంత కుటుంబం పనిలో సాయపడితే, అది ప్రమాదకరమైన పని కాకపోతే, తప్పు పట్టరు. అంటే కేసు అవునా కాదా అన్నది ఎవరి పొలం, ఏ పొద్దు అన్న రెండు ముక్కల మీద ఆధారపడి ఉంది. ఆ రెండూ ఈ రిపోర్టులో లేవు. తల్లికి చదువు రాదన్న సంగతి మాత్రం ఉంది!

అదే ఇంటికి వెళ్ళొచ్చిన మరో కార్యకర్త ఇలా రాసిందనుకోండి:

"బడి హాజరు పట్టీ చూశాను. జూన్, జూలై నెలల్లో రెండు రోజులు తప్ప రోజూ వచ్చింది. ఆగస్టు రెండో వారం నుంచి రాలేదు. ఈ కుటుంబానికి సొంత పొలం లేదు. ఊళ్ళోని ఒక రైతు సీడు పత్తిలో తల్లి, కూతురు పని చేస్తున్నారు. 'పొద్దుగాల క్రాసింగ్ జేస్తం, మాపటికి మొగ్గలు గిల్లుతం. గందుకే బడికి పోత లేను. సీజన్ అయినంక పోత' అని అమ్మాయి చెప్పింది. మే నెలలో భర్త వైద్యానికి ఆ రైతు దగ్గర ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నామని, సీజనంతా ఇద్దరూ చేస్తేనే అది తీరుతుందని తల్లి చెప్పింది. తండ్రి తాగుతాడని పక్కింటామె చెప్పింది. నేను వెళ్ళిన రెండుసార్లూ ఆయన ఇంట్లో లేడు, మాట్లాడలేదు. అమ్మాయి వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. ఏడో తరగతి తెలుగు వాచకం ఇస్తే తడబడకుండా చదివింది."

ఇప్పుడు సమితి ముందున్న సమస్యే వేరు. చదువంటే ఇష్టం లేని పిల్ల పోయి, అప్పు కింద పనిచేస్తున్న పిల్ల వచ్చింది. అడ్వాన్సు తీరేదాకా పని అన్న మాట రాగానే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూడా తిరగెయ్యాలి. ఎవరికో కౌన్సెలింగ్ ఇస్తే తీరేది కాదు. అడ్వాన్సు సంగతి ఆర్డీవో చూడాలి, రైతును పిలిపించాలి, బడిలో మళ్ళీ కూర్చోబెట్టాలి, అవసరమైతే కస్తూర్బా విద్యాలయంలో సీటు అడగాలి. సిఫారసు అంటే ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్నది. 'కౌన్సెలింగ్ ఇవ్వవలెను' అన్న వాక్యంతో ముగిసే రిపోర్టు చూస్తే, రాసినవాళ్ళకు ఆ పూట వేరే ఆలోచన తట్టలేదనే అనుకుంటాను.

రెండో రిపోర్టు రాసినామె గొప్ప రచయిత్రేమీ కాదు. చూసింది చూసినట్టు, విన్నది ఎవరు చెప్పారో వాళ్ళ పేరు మీద రాసింది, అంతే. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ 1917లోనే 'సోషల్ డయాగ్నోసిస్' అనే లావుపాటి పుస్తకంలో ఈ సంగతి విడమర్చి చెప్పింది. మనం స్వయంగా చూసిన సాక్ష్యం, ఇతరులు చెప్పిన సాక్ష్యం, పరిస్థితులను బట్టి ఊహించే సాక్ష్యం వేటికవే వేరని, ఒకదాని బరువు మరోదానికి ఉండదని ఆమె మాట. హాజరు పట్టీ, పగిలిన వేళ్ళు మొదటి రకం. అడ్వాన్సు, తాగుడు రెండో రకం. 'అప్పు వల్లే చదువు ఆగింది' అని మీకు అనిపిస్తే అది మూడో రకం. అది తప్పకుండా రాయండి, కాకపోతే విడిగా, 'నా అభిప్రాయం' అని చెప్పి రాయండి. 'తెలియవచ్చినది', 'గమనించడమైనది' అంటూ మూడింటినీ ఒకే గంపలో పోస్తే ఎవరు చూశారో, ఎవరు అన్నారో చివరికి రాసినవాళ్ళకే గుర్తుండదు. కొన్ని నెలల తర్వాత సమితి ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది మీరే.

పిల్ల మాటను పిల్ల యాసలోనే ఉంచడం గురించి కొందరికి మొహమాటం ఉంది. అధికారులు చదివే కాగితంలో 'పోత లేను' అని రాస్తే బాగుంటుందా అని ఒకరు అడిగారు. నిక్షేపంగా బాగుంటుంది. 2012 పోక్సో చట్టం 26వ సెక్షన్ పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ళు చెప్పినట్టే నమోదు చేయమంటోంది. మేజిస్ట్రేటుకు, పోలీసుకు ఉన్న నియమం మనం పాటిస్తే తప్పేముంది? ఆ మాటను మనం శుద్ధి చేసి గ్రాంథికం చేశామంటే అందులో పిల్ల ఉండదు, మనమే ఉంటాం.

ఇక 'బానిస', 'బాధ్యతారాహిత్యం', 'మొండి', 'చెడు సావాసాలు' లాంటి మాటల సంగతి. ఇవి రాయడం తేలిక, రుజువు చేయడం కష్టం. జువెనైల్ జస్టిస్ చట్టం 3వ సెక్షన్‌లో కొన్ని మూలసూత్రాలు ఉన్నాయి. పిల్లలకు సంబంధించిన ఏ ప్రక్రియలోనూ నిందించే మాటలు వాడకూడదన్నది వాటిలో ఒకటి. ఇదేదో మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. 99వ సెక్షన్ ప్రకారం మీ రిపోర్టు గోప్యమే. కానీ సమితికి సబబనిపిస్తే దాని సారాంశం పిల్లకో తల్లిదండ్రులకో చెప్పి, వాళ్ళ సాక్ష్యం తెచ్చుకునే అవకాశం ఇవ్వచ్చు. 'బాధ్యత లేని తల్లి' అని రాసిన కాగితం ఆ తల్లికే వినిపిస్తే, ఆమె లేచి "అయ్యా, ఏం చూసి ఆ మాటన్నారు?" అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లుగా ఉన్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందే వ్యక్తికి తన ప్రాథమిక వైద్య రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది.

ఫారం 22లో పిల్లల అలవాట్ల గురించి ఒక భాగం ఉంటుంది కదా. ఒకవైపు పొగ, మద్యం, మత్తుమందులు, జూదం. మరోవైపు ఆటలు, పుస్తకాలు, బొమ్మలు గీయడం, పాడటం. నేను చూసినంతలో మొదటివైపు శ్రద్ధగా నింపి రెండోవైపు గీత గీసేస్తారు. పిల్లలను అడగనే అడగరు. నాకు చిర్రెత్తుకొచ్చేది ఇక్కడే.

అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే రిపోర్టుల సంగతి కూడా చెప్పుకోవాలి. తెలంగాణలో పిల్లలను పనుల నుంచి, వీధుల నుంచి విడిపించే ఆపరేషన్ స్మైల్ ఏటా జనవరిలో, ఆపరేషన్ ముస్కాన్ జూలైలో జరుగుతాయి. ఆ నెలల్లో ఒక్కసారిగా బోలెడుమంది పిల్లలు వస్తారు, రాసేవాళ్ళు మాత్రం ఆ నలుగురే. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ పిల్లలను వందల సంఖ్యలో విడిపించిన రోజులు గుర్తుంటే ఆ ఒత్తిడి ఎలాంటిదో ఊహించుకోవచ్చు. అప్పుడు ఒక పిల్లవాడి పేరా ఇంకొకడికి అతికించాలని చెయ్యి దురద పెడుతుంది. అతికించిన చోట 'ఆమె' అని ఉండిపోతే వకీలు ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం రిపోర్టునే కొట్టిపారేస్తాడు. పని మరీ ఎక్కువైతే రిపోర్టు కుదించండి, కాపీ మాత్రం కొట్టకండి. ఆ పిల్లవాడి గురించి నాలుగు నిజమైన వాక్యాలు చాలు.

భాష తెలియని పిల్లలైతే ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. ఆ పిల్లలతో మీరు మాట్లాడింది ఎవరి సాయంతో? బట్టీ మేస్త్రీ పక్కన నిలబడి తర్జుమా చేస్తే ఆ సంగతి రిపోర్టులో రాసి తీరాలి. 'పనిలో సంతోషంగానే ఉన్నాను' అన్న మాట ఎవరి నోట వచ్చిందో చదివేవాళ్ళకు అప్పుడే అర్థమవుతుంది.

సఖి కేంద్రాల వాళ్ళు తేదీల గురించి అడిగారు. గృహహింస చట్టం కింద సంఘటనల నివేదిక నింపేటప్పుడు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నవి ముఖ్యం. బాధలో ఉన్న మనిషికి తేదీలు గుర్తుండవు. "బోనాలప్పుడు కొట్టాడు, మళ్ళీ సంక్రాంతికి ముందు" అంటుంది. అలాగే రాసుకోండి. పక్కనే క్యాలెండర్ చూసి 'సుమారుగా' అని నెల వేయండి. ఆమె చెప్పని తేదీని మీరు కచ్చితంగా వేస్తే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇబ్బంది పడేది ఆమే.

అర్జీల గురించి రెండు ముక్కలు. కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో అధికారి ముందు కాగితాలు గుట్టగా పడి ఉంటాయి. 'గౌరవనీయులైన కలెక్టర్ గారి దివ్య సముఖమునకు' అని మొదలుపెట్టి, కష్టాలన్నీ వరసగా ఏకరువు పెట్టి, చివరి పంక్తిలో 'కావున నా యందు దయయుంచి' అంటే అసలు కోరికేమిటో ఆయన కంట పడదు. కొత్త పింఛను కావాలా, ఆగిన పింఛను మళ్ళీ రావాలా, అది మొదటి వాక్యంలో చెప్పండి. ఇంతకుముందు ఎక్కడ, ఏ తేదీన దరఖాస్తు పెట్టారో రెండో వాక్యంలో చెప్పండి. కష్టాలు ఆ తర్వాత.

మరి రాయడం ఎలా అలవడుతుంది? దీనికి కోర్సులకన్నా ఒక నియమం ఎక్కువ పనిచేస్తుంది. ఇంటి సందర్శన అయిన రోజు రాత్రి అన్నం తినేలోపు రాసెయ్యాలి. రెండు రోజులు ఆగితే పగిలిన వేళ్ళు పోయి 'శారీరకంగా బలహీనంగా ఉన్నది' అన్న మాట మిగులుతుంది. ఎమ్మెస్‌డబ్ల్యూలో ప్రాసెస్ రికార్డింగ్ అంటూ జరిగిన సంభాషణంతా మాటకు మాట రాయిస్తారే, దాన్ని చాలామంది తిట్టుకుంటారు. నాకు మాత్రం అది చదువు మొత్తంలో పనికొచ్చే కసరత్తు అనిపిస్తుంది. వినడం అలవాటు కానిదే రాయడం రాదు. ఇంగ్లీషులో ఇవ్వాల్సిన ఫారాలున్నా నోట్సు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషు తర్వాత సంగతి. టైపు చేయడం బద్ధకమైతే ఫోన్లో మాట్లాడి రాయించుకోండి, పిల్లల పేర్లు మాత్రం ఫోనుకు చెప్పకండి.

పేర్లంటే గుర్తొచ్చింది. రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఇంకా పోలేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లల వివరాలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గ్రూపులో ఉన్నది ఆఫీసు వాళ్ళే కదా అన్నది వాదన కాదు.

ఇక మీకొక పని. మీ పాత రిపోర్టు ఒకటి తీసి, అందులో మీకే నచ్చని పేరా ఏరండి. దాన్ని మళ్ళీ రాయండి. పాతదీ కొత్తదీ రెండూ నాకు పంపండి. వచ్చే ఉత్తరంలో కొన్నిటిని పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం. పిల్లల పేరు, ఊరు, బడి కొట్టేసి మరీ పంపండి. కొట్టేయకుండా వచ్చినవి చదవను, చింపేస్తాను.

ఉంటాను,
మీ మిత్రుడు