పాత యాంప్లిఫైయరు ఖరీదు

పాటలు వినే యంత్రములు కొత్తవాటికంటే పాతవే మేలని నేనంటే మా ఇంటావిడ నవ్వుతుంది. బియ్యము పాతదైతే మంచిది గాని, కరెంటు సామాను కూడానా అని ఆమె ప్రశ్న.

నా జవాబు ఇది. మంచి యాంప్లిఫైయరులో ఖరీదంతా ట్రాన్స్‌ఫార్మరులోను, వేడిని లాగే అల్యూమినియము రెక్కలలోను, బరువైన ఇనుప పెట్టెలోను ఉంటుంది. ముప్పది నలుబది ఏండ్లయినా అవి సాధారణముగా చెడవు. చెడేవి చిన్నవి. కెపాసిటర్లు ఎండిపోతాయి, వాల్యూము మీటలో దుమ్ము చేరి గరగరమంటుంది, కొన్ని స్పీకర్ల అంచుల నురగ మన తడిగాలికి పొడిపొడిగా రాలిపోతుంది. తెలిసిన మెకానిక్కు ఉంటే వీటిని తక్కువ ఖర్చుతోనే మార్చుకోవచ్చు.

2018 వేసవిలో మా కోనసీమలోనే ప్రక్క ఊరిలో ఒక అక్కగారి ఇంటికి వెళ్ళాను. ఆమె భర్త సౌదీలో చాలా ఏండ్లు పనిచేసి, తిరిగివచ్చి, కాలము చేశాడు. వసారాలో ధాన్యపు బస్తాల ప్రక్కన, పాత దుప్పటి క్రింద సన్సూయి యాంప్లిఫైయరు కనబడింది. 1947లో టోక్యోలో ట్రాన్స్‌ఫార్మర్లు చేయడముతో మొదలైన కంపెనీ అది. ఈనాడు దుకాణములలో ఆ పేరుతో అమ్మే టీవీలను చూసి తూచకండి. పేరు ఒకటే, చేసేవారు వేరు. ఎత్తబోతే నా నడుము పట్టుకుంది.

"పాత ఇనుము వాడు నాలుగు వందలిస్తానన్నాడు మాస్టారూ" అన్నది అక్కగారు. నేను రూ. 2,500 ఇచ్చాను. ఉదారముగా ఇచ్చాననే అనుకున్నాను. ఆమె కూడా సంతోషించింది.

ఇంటికి తెచ్చిన వెంటనే ప్లగ్గులో పెట్టక, కాకినాడలో ఒక ముసలి మెకానిక్కు దగ్గరకు తీసికొని పోవడము నేను చేసిన ఒక్క తెలివైన పని. వెనుకనున్న వోల్టేజి మీట 120 దగ్గర ఉన్నది. సౌదీలో ఆ రోజులలో చాలా ఇండ్లకు 127 వోల్టుల కరెంటే వచ్చేది. మన 230లో పెట్టి ఉంటే ఆ పూటతో దాని ఆయుష్షు తీరేది. గల్ఫు సామాను కొనేవారు ముందుగా ఆ మీట చూడండి. ఆయన మీట మార్చి, సీరీసు బల్బు గుండా కరెంటు ఇచ్చాడు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది. అది ఒక్క క్షణము వెలిగి మందగించింది. తరువాత స్పీకరు తీగలు తగిలించేచోట మీటరు పెట్టి, "కొద్ది మిల్లీవోల్టులే, బంగారము" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "ఎంతకు కొన్నారు? నాకిస్తే పదిహేను వేలు ఇప్పుడే ఇస్తాను" అన్నాడు.

ఆ రాత్రి మా టేపు డెక్కుకు దానిని తగిలించి, మా సంఘము గాయకబృందము పాత క్యాసెట్టు పెట్టాను. చిన్న టేపురికార్డరులో ఎప్పుడూ కలగాపులగముగా వినబడే నాలుగు స్వరములు విడివిడిగా వినబడ్డాయి. మా అమ్మ గొంతు రెండవ వరుసలో ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది. ఎంత హాయిగా ఉన్నదో, అంత ఇబ్బందిగానూ ఉన్నది. మెకానిక్కు మాట ఇంటావిడకు చెప్పాను. "పాతవాటికి విలువ ఉందని మీరే గదా అంటారు" అన్నది. అంతే, మరి మాటలేదు.

ఆ నెల పెన్షనులోనుంచి కొంత, పైనెలలో కొంత, మొత్తము రూ. 10,000 తీసికొని వెళ్ళాను. రిపేరు ఖర్చులు పోగా అది న్యాయమనిపించింది. అక్కగారు మొదట నమ్మలేదు, తరువాత కొంచెము నొచ్చుకున్నది. "ఆయన పోయిన ఆరేండ్లు బస్తాల ప్రక్కన పడేశానే" అన్నది. డబ్బు లెక్కపెట్టుకోలేదు. "అది ఇంకా పలుకుతుందా మాస్టారూ?" అని అడిగింది.

ఆదివారము సాయంత్రము కోడలిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. చేతిలో బిస్కెట్ల డబ్బా నిండా క్యాసెట్లు. ఉత్తరము వ్రాయడము రాని ఆ మనిషి సౌదీనుంచి మాటలు రికార్డు చేసి పంపేవాడట. ఒకటి పెట్టాను. ముందు ఫ్యాను శబ్దము, తరువాత దగ్గు, తరువాత ఆమెను పేరుపెట్టి పిలుస్తూ మగగొంతు.

ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, "కొంచెము తగ్గించండి మాస్టారూ, వీధిలోకి వినబడుతుంది" అన్నది.