అంతర్వేది తీరమున మేము చూచినది

సెలవులు వచ్చినచో సముద్రతీరమునకు పోవు కుటుంబములు నేడు పెక్కు కలవు. పోయివచ్చిన వారందరును చెప్పు కథ మాత్రము ఒక్కటియే. స్వామి దర్శనమైనది, సముద్రస్నానమైనది, సంగమము చూచితిమి, ఛాయాపటములు తీసికొంటిమి, చీకటిపడకమునుపే ఇల్లు చేరితిమి. రెండేండ్ల క్రిందట మేమును అంతర్వేదికి పోయి ఈ కథనే వెంట తెచ్చుకొంటిమి. మొన్నటి మార్గశిరమాసమున మరల పోయితిమి. ఈసారి చూచినది వేరు. అది మేము వెదకిపోయినదియు కాదు. దానిని మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మేము అనగా నలుగురము: మా అత్తగారు, తోడికోడండ్రమైన మేమిద్దరము, కళాశాలలో చదువుకొనుచున్న మా అమ్మాయి. మగవారికి తీరిక చిక్కలేదు. రాజమహేంద్రవరమున రైలెక్కి నిడదవోలు, భీమవరముల మీదుగా నరసాపురము చేరితిమి. రైలుదారి అచటితో సరి. అటుపైన వశిష్ఠ గోదావరి అడ్డము. మాధవాయిపాలెము రేవున పంటు ఎక్కి, ఆవలి యొడ్డున సఖినేటిపల్లి వైపు దిగినచో అంతర్వేదికి దారి. ఆ పంటుమీద మనుష్యులు, మోటారు సైకిళ్లు, కార్లు, కూరగాయల బుట్టలు ఒక్కచోటనే నిలిచి నది దాటుచుండును.

ఈ మాధవాయిపాలెమునకు ఒక చరిత్ర కలదు. 17వ శతాబ్దమున ఇంగ్లీషు వర్తకులు బట్టల వ్యాపారమునకై ఇచట కొఠీ పెట్టిరి. ఇచటినుండి ఓడలెక్కిన నూలుబట్టకు ఈ యూరి పేరే వికారమై ‘మదపోలము’ అని విదేశములందు నిలిచినది. నేటికిని ఆ పేరు బట్టల నిఘంటువులలో నున్నది. ఊరి పేరు నిలిచినది గాని నూలు వడికిన స్త్రీల పేరు ఒక్కటియు నిలువలేదు. ఈ మాట అప్పుడు మాకు తోచలేదు. తిరుగు ప్రయాణమున తోచినది.

పంటుమీద నుండగనే మా అమ్మాయి మొదలుపెట్టినది. “అమ్మా, పిన్నీ! అందరూ చూసేవే మనమూ చూస్తే ఇంత దూరం రావడమెందుకు? ఈసారి ఎవరూ చూడనిది చూద్దాం.” దాని చేతిలో ఒక పట్టికయు నున్నది. మడచెట్ల నడుమ పాయలోనికి పడవపై పోవుట, జాలరుల వలలు ఒడ్డునకు చేరు వేళ చూచుట, ఇట్టివి అయిదారు. మాకును ఉత్సాహము కలిగినది. అత్తగారు మాత్రము “ముందు స్వామి దర్శనం కానివ్వండి” అనిరి.

అంతర్వేది లక్ష్మీనృసింహస్వామి ఆలయము మనకు తెలిసినదే. ఓడల వర్తకమున ధనము గడించిన కొపనాతి కృష్ణమ్మగారు దానిని కట్టించిరి. 1823లో అది పూర్తియైనది. మాఘశుద్ధ దశమినాడు జరుగు స్వామి కల్యాణమునకు జనము లక్షలుగా వత్తురు. మేము పోయినది జాతర రోజు కాదు గనుక దర్శనము నెమ్మదిగా నైనది.

స్థలపురాణమును అత్తగారే అమ్మాయికి చెప్పిరి. రక్తవిలోచనుడను రాక్షసునికి ఒక వరముండెను. వాని నెత్తురు తడిసిన ఇసుకరేణువులెన్నియో అంతమంది రాక్షసులు పుట్టుదురు. వశిష్ఠ మహర్షి మొరపెట్టుకొనగా నరసింహస్వామి వచ్చి యుద్ధము చేసెను. ఆ నెత్తురు ఇసుకమీద పడకుండ మాయాశక్తి నాలుక చాచి పట్టినది. అందువలననే వాడు చచ్చెను. ఆ శక్తియే అశ్వరూఢాంబిక. ఊరివారు ‘గుర్రాలక్క’ అందురు. ఆమెకు వేరుగా గుడి కలదు. స్వామి గుడినుండి నేరుగా సముద్రమునకు పోవువారిలో ఆ గుడికి తిరుగువారు కొద్దిమందియే. మేము పోయి చూచితిమి. “చక్రం వేసిన ఆయన పేరే అందరికీ గుర్తు. నెత్తురు నేల పడకుండా పట్టిన ఆవిణ్ణి ఎవరు అడుగుతారు!” అని అత్తగారు నవ్వుచు కుంకుమ పెట్టుకొనిరి. మేమును నవ్వితిమి.

ఇక మా అమ్మాయి పట్టిక. పల్లిపాలెమున పడవవానిని అడిగితిమి. “నీరు తీసేసిందమ్మా, ఇప్పుడు పాయలోకెళ్తే పడవ బురదలో కూర్చుంటాది” అనెను. వలలు తెల్లవారుజామున ఒడ్డునకు వచ్చి, చేపలు అమ్ముడై, జాలరులు నిద్రపోవుచుండిరి. కడకు అందరితో పాటు మేమును ఇసుకపై నడచి, దీపస్తంభమును చూచి, నది సముద్రమున కలియు అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు పోయితిమి. ఒకప్రక్క నదినీరు, ఒకప్రక్క సముద్రపు నీరు, రంగులు వేరుగా కనబడుచుండెను. అది సుందరమే. కాని మేము మునుపు చూచినదియు అదియే. అమ్మాయి ముఖము చిన్నబోయినది.

సాయంకాలము రేవు చేరుసరికి పంటు ఆవలి యొడ్డున నిలిచియున్నది. నీటిమట్టము తగ్గినందున ఆలస్యమగునని చెప్పిరి. ఎండ ఇంకను తగ్గలేదు. రేవునకు సమీపమున ఒక పెంకుటిల్లు కలదు. వీధియరుగుపై ముగ్గురు స్త్రీలు కూర్చుండి తెల్లదారముతో లేసు అల్లుచుండిరి. వారిలో పెద్దామె అత్తగారి అవస్థ చూచి, “మామ్మగారూ, ఇలా నీడకి రండి. పంటు వచ్చేసరికి ఎంత లేదన్నా గంట పడుతుంది” అని చాప పరచి మంచినీళ్లిచ్చినది.

ఊరక కూర్చుండి వారి చేతులను చూచుచుంటిమి. కొక్కెము గల చిన్న సూది. దానితో దారమును లాగి, ముడి వేసి, మరల లాగుట. చూపు మామీద, మాట మాతో, చేతులు మాత్రము వాని దారిన అవి. ఒకామె పువ్వులు అల్లును, ఇంకొకామె ఆ పువ్వులనన్నిటిని ఒకటిగా చేర్చును. దానిని అతుకు పని అందురట. ఒక బల్లగుడ్డకు వందల పువ్వులు కావలెను. పువ్వులు చేసిన చేయి ఒకటి, అతికిన చేయి ఇంకొకటి. కడకు గుడ్డ ఎట్లుండునో పువ్వులు చేసిన ఆమె చూడనే చూడదట.

అప్పుడు జరిగినది ఆ సంగతి. వారిలో చిన్నది, పదునారేండ్ల పిల్ల, ఒక పువ్వును ముగించి ప్రక్కన పెట్టినది. అత్తగారు దానిని చేతిలోనికి తీసికొని, కన్నులకు దగ్గరగా పెట్టుకొని, “అమ్మాయ్, మూడో వరసలో ఒక గొలుసు తప్పింది. అతికేటప్పుడు ఈ రేక లాగేస్తుంది” అనిరి. ఆ పిల్ల లెక్కపెట్టి చూచుకొన్నది. నిజమే. పెద్దామె ఆశ్చర్యముతో, “మామ్మగారూ, మీకు పని తెలుసా?” అన్నది. అత్తగారు మారు పలుకక సూది నందుకొనిరి. డెబ్బది నాలుగేండ్ల చేయి. కాఫీ గ్లాసు పట్టుకొన్నను వణకు ఆ చేయి ఆ సూదితో వణకలేదు. మేము చూచుచుండగనే ఆ వరుసను విప్పి, సరిచేసి, పువ్వును ముగించి ఇచ్చిరి.

మేమిద్దరము ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. ఇరువది యేండ్లకు పైగా ఒక్క వంటయింట మెలగిన మాకు ఈ విద్య వారికి కలదని తెలియదు. “అత్తయ్యగారూ, ఎప్పుడు నేర్చుకున్నారు?” అని అడిగితిమి. వారు చెప్పినది ఇది.

వారి చిన్నతనమున పుట్టింట అందరును అల్లెడివారట. పెండ్లియై రాజోలు వైపు అత్తవారింటికి వచ్చిన పిదప మామగారు వలదనిరి. కొబ్బరితోట గల ఇంటి ఆడువారు కూలికి అల్లుట మర్యాద కాదని వారి యభిప్రాయము. సూది పెట్టె అడుగున పడినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను వచ్చినది. కోనసీమలో ఆ రాత్రిని ఎరుగని యిల్లు లేదు. వేయిమందికి పైగా ప్రాణములు పోయినవి. కొబ్బరిచెట్లు నేలకొరగినవి. మా యింటి తోటయు పోయినది. మొక్క నాటినచో కాపు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. అప్పుడు మా మరిది, అనగా మాలో చిన్నదాని భర్త, కాలేజీలో చదువుచుండెను.

“తోట పోయినా మామయ్యగారు ఎలాగో నెగ్గుకొచ్చారని మన ఇంట్లో చెప్పుకుంటాం కదా!” అనినది మాలో చిన్నది.

“నెగ్గుకొచ్చింది ఈ సూదే. తుపాను తరువాత కరెంటు లేదు. లాంతరు దగ్గర పెట్టుకుని, ఇంట్లోవాళ్లు పడుకున్నాక అల్లేదాన్ని. ప్రక్క వీధి ఆవిడ తన పేరు మీద దారం తెచ్చి ఇచ్చేది. మీ మామయ్యగారికి తెలుసు. తెలిసీ ఊరుకున్నారు. మీ ఆయన కాలేజీ ఫీజు రెండేళ్లు ఇందులోంచే వెళ్లింది. మీ మామయ్యగారు చెడ్డవారు కారమ్మా. చెట్లు పడ్డాయని ఊరంతా చూసింది. దారం ఎవరూ చూడలేదు.”

మాకు నోట మాట రాలేదు. అంతకు నెల దినముల క్రిందటనే అత్తగారి పేర బ్యాంకు కాగితములు నింపితిమి. ‘వృత్తి’ అను గడి వచ్చినప్పుడు మేమే, వారినడుగకయే, ‘ఏమియు లేదు’ అని వ్రాయించితిమి. వారు ప్రక్కనే కూర్చుండి యుండిరి. ఒక్క మాటయు అనలేదు.

ఇంటికి వచ్చిన తరువాత ఈ లేసు సంగతి తెలిసికొంటిమి. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీ దంపతులు ఈ విద్యను ఈ ప్రాంతపు స్త్రీలకు నేర్పిరి. అది గోదావరి పాయల రెండు ఒడ్డులందును వ్యాపించి, ఇచటి లేసు సముద్రములు దాటి విదేశముల భోజనపు బల్లలపై పరచబడినది. జర్మనీ దేశపు సంఘశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి యొక్కటి: వంట, నీళ్లు, పిల్లలు అన్నియు చూచుకొని, ఆపైన దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లు ఆ స్త్రీలను లోకము పనివారుగా లెక్కించదు. ‘ఇంటి ఆడువారు, తీరిక వేళ అల్లుకొందురు’ అనును. తీరిక వేళ చేసినదానికి కూలి తక్కువైనను అడుగువారుండరు. చదువుచుండగా మా బ్యాంకు కాగితమే కన్నులయెదుట నిలిచినది. నరసాపురము లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఇతర ప్రాంతములందు అల్లినదానిని ఈ పేరుతో అమ్మరాదు. యంత్రముపై అల్లిన చౌక సరుకుతో పోటీపడుచున్న చేతులకు అది కొంత అండ.

రేవునొద్ద మేమొక పొరపాటు చేసితిమి. అదియు చెప్పవలెను. ఆ అరుగుమీది గుడ్డ యొకటి మాకు నచ్చి, వెల యెంత యని అడిగితిమి. పెద్దామె నవ్వి, “ఇది నాది కాదమ్మా. దారం ఏజెంటుది. తూచి ఇస్తాడు, తూచి పట్టుకెళతాడు. చేతులు మాత్రమే మావి” అన్నది. ఆమె అల్లిన దానిని ఆమెయే అమ్మజాలదు! “మీ దారం మీరు తెచ్చుకుంటే అల్లి పెడతాను” అని మాత్రము అన్నది. అంతలో పంటు కూత వేసినది. అత్తగారు ఆ పిల్లకు సూది తిరిగి యిచ్చి, తల నిమిరి లేచిరి.

నరసాపురములో రైలు ఎక్కకమునుపు రెండు ఉండల దారము, రెండు సూదులు కొంటిమి. ఒక ఉండను రేవునొద్ది పెద్దామెకు పంపి, కూలి ఆమె చెప్పినంత యిచ్చుటకు ఒప్పుకొంటిమి. రెండవది అత్తగారికి.

సోదరీమణులారా! తీరమునకు పోవలదని మేము చెప్పుట లేదు. తప్పక పొండు. సంగమముచెంత ప్రవాహపు లాగు బలమైనది గనుక పిల్లల చేయి విడువకుడు. కాని అరపూట ఎక్కువ పెట్టుకొని పొండు. పంటు ఆలస్యమైనచో విసుగుకొనకుడు. అరుగుమీద పని చేయుచున్నవారిని చూచినచో, వారనుమతించినచో, కూర్చుండుడు. ఛాయాపటము తీయుటకు ముందు అడుగుడు. వారి పని పేరడుగుడు, వెల తరువాత అడుగవచ్చును. మీ యింటి పెద్దవారిని వెంట తీసికొనిపొండు. మా అమ్మాయి పట్టికలో లేనిది వారి చేతిలో నుండవచ్చును.

బ్యాంకునకు మరల పోయి ఆ గడిని మార్పించితిమి. గుమాస్తా, “ఇప్పుడు చేస్తున్న వృత్తి వ్రాయాలండీ” అనెను. “ఇప్పుడే చేస్తున్నారు” అని చెప్పితిమి. అది అబద్ధము కాదు. ఈ వ్యాసము వ్రాయునాటికి అత్తగారు పదునేడు పువ్వులు ముగించిరి. అమ్మాయి మూడు చేసి రెండు విప్పినది. అతుకు పని మా యిద్దరిది. ఇంకను నేర్చుకొనుచున్నాము.