స్కాన్‌లో కనపడనిది

పెద్దవాళ్ళు పడి తలకి దెబ్బ తగిలిందంటే మనం ముందుగా అడిగేది "స్కాన్ తీశారా?" అనే. మా నాన్నకీ తీశారు. ఆయనకి 76 ఏళ్ళు. బాత్రూములో జారి పడ్డారు. మెదడు పైన పల్చగా రక్తం చేరిందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ చెప్పారు. వయసు పైబడేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది. దాని పైనుండే సన్నటి రక్తనాళాలు సాగి ఉంటాయి కాబట్టి చిన్న దెబ్బకే తెగుతాయట.

మూడోరోజుకి నాన్న మాట పడిపోయింది. పిలిస్తే చూస్తారు, పలకరు. కాసేపటికి మామూలుగా మంచినీళ్ళు అడుగుతారు. మళ్ళీ అదే చూపు. ఇంకోసారి స్కాన్ తీస్తే మార్పేమీ లేదు. "వయసు కదరా, తికమకపడుతున్నాడు" అన్నాడు బాబాయి ఫోన్లో.

డాక్టరుగారు మాత్రం ఈఈజీ తీయించమన్నారు. అమ్మకి భయం. "తలకి కరెంటు పెడతారటరా?"

"పెట్టరమ్మా. మెదడులో ఉన్న కరెంటునే కొలుస్తారు."

తలంతా కొలిచి, పేస్టు రాసి, ఇరవై దాకా తీగలు అంటిస్తారు. జుట్టుకి నూనె ఉంటే అవి సరిగ్గా పట్టవు. అవి పట్టుకునే సిగ్నల్‌ని వోల్టులో పదిలక్షల వంతుల్లో లెక్కపెట్టాలి. దీన్ని మనిషిలో మొదటిసారి 1924లో, జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ నమోదు చేశాడు. ప్రచురించింది 1929లో.

స్కాన్ మెదడు ఎలా ఉందో చూపిస్తుంది. ఆ నిమిషాన అది ఏం చేస్తోందో చెప్పేది ఈఈజీ. నాన్నకి లోపల ఫిట్స్ వస్తున్నాయి. ఫిట్స్ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడమే అనుకుంటాం. పెద్దవాళ్ళలో ఒక్కోసారి ఒళ్ళు కదలదు, మనిషి అయోమయంగా ఉంటాడు, అంతే. మందు మొదలెట్టాక రెండ్రోజులకి నాన్న అమ్మని పేరు పెట్టి పిలిచారు. ఆ మధ్య రోజులు ఆయనకి ఇప్పటికీ గుర్తులేవు. అమ్మకి మాత్రం పూటపూటా గుర్తే.

ఈఈజీ ఒక్కటే అన్నీ తేల్చదు. సోడియం తగ్గినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మత్తుమందులు వాడినా తరంగాలు నెమ్మదిస్తాయి. అరగంట పరీక్షలో ఫిట్స్ దొరకనంత మాత్రాన లేవనీ కాదు. అనుమానం ఉంటే రోజంతా కూడా పెట్టి చూస్తారు.

దూరాన ఉన్న మనకి చేతిలో ఉన్నది ఫోనే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు దెబ్బ తగిలాక తేడాగా ఉంటే, "వయసు కదా" అన్న మాట దగ్గరే ఆగిపోకండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో డాక్టరుకి చెప్పించండి. ఈఈజీ అవసరమా అని ఒక్కసారి అడిగించండి.